గట్టు దిగనన్న మాట

నంద్యాల,
11 ఆగస్టు 2024

ప్రియమైన పెద్దమ్మకు,

నీ కూతురు నిర్మల వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఆయనా నేనూ బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

పోయిన వారం ఫోన్ చేసినప్పుడు నువ్వు "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నావు గానీ నేను అడిగిన ఒక్కదానికీ జవాబు రాలేదు. కందిపప్పు అందిందా అని అడిగితే పక్కింటి ఉమామహేశ్వరమ్మ కాలు విరిగిందని చెప్పావు. ఆయన విని నవ్వాడు. "పెద్దమ్మకు చెవులు పోయినాయి గానీ కళ్లు ఇంకా బైబులు చదువుతాండాయి కదా. కాగితం మీద రాయి" అన్నాడు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఆయనకు పని మారింది. ట్రాక్టర్ల షెడ్డు మానేసి, ఇక్కడ ఊరి చెరువు దగ్గర కొత్తగా పెట్టిన బోట్ల క్లబ్బులో ఇంజన్లు చూసుకునే పనికి కుదిరాడు. నాకూ అక్కడే పని ఇచ్చారు. బోటు ఎక్కేవాళ్లు ఒంటికి కట్టుకునే లైఫ్ జాకెట్లు ఉంటాయి. నారింజ రంగువి, లోపల స్పాంజి లాంటిది పెట్టి కుడతారు. నీళ్లలో పడినా మనిషి మునగకుండా అవి తేలుస్తాయి. నూటికి పైగా ఉన్నాయి. చెమటకూ పాచికీ కంపు కొడతాయి. సబ్బు నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, నీడలో తీగ మీద ఆరేయాలి. ఎండలో వేస్తే బట్ట చివికిపోతుంది.

నువ్వు భయపడతావని ముందే రాస్తున్నాను. నా పనంతా గట్టు మీద రేకుల షెడ్డులో, కొళాయి నీళ్లతో. చెరువు మెట్లు అక్కడికి యాభై అడుగుల దూరం. అమ్మ పోయిన రోజు నీ చేతిలో చెయ్యేసి గట్టు దిగనని చెప్పిన మాట నాకు జ్ఞాపకముంది. చెరువుకు వీపు పెట్టి కూర్చునే ఉతుకుతాను. ఆయన మెట్ల మీద కూర్చుని అన్నం తింటాడు. నేను క్యారియరు పైమెట్టు మీద పెట్టి వచ్చేస్తాను.

ఆడపిల్లలు కూడా బోట్లు నేర్చుకోవడానికి వస్తారు. పలకరిస్తే నాకు నోరు రాదు, తల ఊపుతాను. ఒకమ్మాయి నన్ను మూగదాన్ననుకుని చేతులతో సైగలు చేసింది. నేనూ సైగలతోనే జవాబు చెప్పి పంపించాను.

మందులు మానొద్దు.

నీ కూతురు
నిర్మల


ఆళ్లగడ్డ,
19 ఆగస్టు 2024

చిరంజీవి నిర్మలకు, అల్లుడు జయప్రకాష్‌కు పెద్దమ్మ కృపమ్మ దీవించి రాసేది.

పోస్టుమ్యాన్ తలుపు కొట్టి కొట్టి, చివరికి కిటికీలోంచి నీ ఉత్తరం నా ఒళ్లోకి విసిరి పోయాడు. మూడుసార్లు చదివాను. నీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. హాస్టల్లో వంట చేసిన ఇరవై ఏళ్లలో పది చదివిన పిల్లల రాత కూడా చూశాను, ఇంత కుదురు లేదు.

నా చెవుల సంగతి చెప్తాను విను. చర్చిలో పక్కన కూర్చునే కమలాక్షమ్మ నాకు పాట నంబరు చూపిస్తుంది. ఆమె పెదవులు చూసి నేను అందుకుంటాను. పోయిన ఆదివారం అయ్యగారి ప్రసంగం మధ్యలో ఆమె ఆవలించిందట. నేను పాట మొదలైందనుకుని గొంతెత్తాను. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు.

చెరువు దగ్గర పని అని చదివిన పూట నాకు అన్నం దిగలేదు. గట్టు మీదే ఉంటానని రాశావు. మీ అమ్మ కూడా గట్టు మీదే ఉండింది. ఉతుకుతుంటే జారిపోయిన నీ యూనిఫాం గౌను కోసం ఒక్క మెట్టు దిగింది. కే.సి. కాలువకు ఆ ఒక్క మెట్టు చాలింది. ఆ కాలువ గట్టు మీదుగా పోవాలనే కదా నీ బడి కూడా మాన్పించాను. అందరూ నన్ను తిట్టారు. తిట్టనీ, పిల్ల నా కళ్ల ముందు ఉంటే చాలు అనుకున్నాను.

పని మానమని చెప్పను. మీ ఇల్లు మీరు నడుపుకోవాలి. కానీ ఆ పైమెట్టు కూడా వద్దు. క్యారియరు తీసుకోవడానికి అల్లుడినే షెడ్డు దగ్గరికి రమ్మను.

దేవుని కాపుదల మీ ఇద్దరికీ ఉండుగాక.

మీ పెద్దమ్మ
కృపమ్మ


నంద్యాల,
22 సెప్టెంబర్ 2024

ప్రియమైన పెద్దమ్మకు,

నిర్మల వందనాలు. ఆలస్యంగా రాస్తున్నాను, కోపగించుకోవద్దు.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి, చెరువు నిండింది. ఆయన గోస్పాడు నుంచి వచ్చే స్నేహితుడి దగ్గర మంచి శనక్కాయలు తెప్పించాడు. ఉడకబెట్టుకుని తింటున్నాం. ఈ మధ్య నాకు ఆకలి ఎక్కువైంది. పూటకు రెండు ముద్దల సంగటి తింటున్నాను. సాయంత్రానికి భుజాలు నొప్పి, పడుకుంటే ఒళ్లు తెలియదు. అరచేతుల్లో కాయలు కాశాయి, బ్రష్షు వల్ల.

పనిలో నాకు మంచి పేరు వచ్చింది. జాకెట్టు చేతిలోకి తీసుకుని పిండితే, లోపలి స్పాంజి చెడి నీళ్లు తాగుతున్నదేదో నాకు తెలిసిపోతుంది. బరువులో కొంచెం తేడా ఉంటుంది, చెవి దగ్గర పెట్టి నొక్కితే సన్నగా చప్పుడొస్తుంది. ఆయన చూసి, "ఏందీ, జాకెట్టుతో గుసగుసలాడుతాండావ్? నాతో మాట్లాడను నీకు టైము లేదు" అన్నాడు. నేను అలా పదకొండు జాకెట్లు పక్కన పెట్టాను. బోట్లు నేర్పే గాయత్రి మేడం వాటికి రాళ్లు కట్టి నీళ్లలో వేసి చూసింది. మంచి జాకెట్టయితే ఆ బరువుతో కూడా తేలాలట. పదకొండూ మునిగాయి.

నీకు చెప్పవలసిన సంగతి ఒకటుంది పెద్దమ్మా. రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడడం లేదు. సిగ్గూ, భయమూ. ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నిర్మల


ఆళ్లగడ్డ,
7 అక్టోబర్ 2024

నిర్మలకు,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం చూసి నేను ఏమనుకున్నానో తెలుసా? ఆకలి, ఒంటి నొప్పులు, చెప్పడానికి సిగ్గుపడే సంగతి. కడుపుతో ఉన్నావనుకున్నాను. నా పాత మెత్తటి చీరలు రెండు ఉడకబెట్టి ఉతికి, పొత్తిగుడ్డలకని చింపి మడత పెట్టాను. ఉమామహేశ్వరమ్మకు చెప్తే ఆమె కట్టు కట్టిన కాలుతోనే గిన్నెలో చక్కెర పట్టుకుని వచ్చింది.

నిన్న ఆరాధన అయ్యాక సంఘ పెద్ద రాజరత్నం సారు నన్ను ఆపాడు. నాకు వినపడదని కాగితం మీద రాసి చూపించాడు. ఆ కాగితం నా ముందరే ఉంది. రెండో తేదీ సెలవు రోజు, వెలుగోడులో వాళ్ల చెల్లెలి కొత్త ఇంటి ప్రార్థనకు పోయాడట. సాయంత్రం రిజర్వాయరు కట్ట మీద నడుస్తూ నిన్ను చూశాడట. నడుము లోతు నీళ్లలో నువ్వు. ఒంటి మీద తెల్లబట్టలు. ఒక పక్క ఒకామె, ఇంకో పక్క తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన. నువ్వు కళ్లు మూసుకుని చేతులు జోడించావు. ఆ పెద్దాయన వీపు కింద చెయ్యి పెట్టి నిన్ను వెనక్కి వాల్చి, నిండా ముంచి లేపాడు. ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పెద్దాయన పేరు అడిగితే ఫ్రాన్సిస్ అని చెప్పారట.

అంటే నువ్వు ముంచే సంఘంలో చేరి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నావు. మన సంఘంలో పసిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్లు చల్లి ఇస్తారు, అది జన్మకు ఒక్కటే అని నీకు తెలుసు. రెండోసారి మునిగినవాళ్ల పేరు సంఘం పుస్తకంలోంచి తీసేస్తారని కూడా తెలుసు.

నీకు నలభై రోజులప్పుడు మీ అమ్మకు జ్వరం. జ్ఞానతల్లిగా నేనే నిన్ను ఎత్తుకుని నిలబడ్డాను. అయ్యగారు మూడుసార్లు నీళ్లు చల్లారు. నువ్వు ఏడవలేదు, నా కొంగు పట్టుకున్నావు. ఆ నీళ్లు నీకు చాలలేదా?

పుస్తకంలోంచి నీ పేరు తీసేసినా ఓర్చుకుంటాను. నాకు ఒక్క మాట చెప్పకుండా చేశావే, దానికి ఓర్చుకోలేను. అదీ నీళ్లలో. నా చేతిలో చెయ్యేసి చెప్పిన దానివి.

జవాబు రాయి. నిజం రాయి.

కృపమ్మ


నంద్యాల,
11 అక్టోబర్ 2024

ప్రియమైన పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. చివరిదాకా చదువు, మధ్యలో చింపొద్దు.

నేను బాప్తిస్మం తీసుకోలేదు. నువ్వు ఎత్తుకుని నిలబడి ఇప్పించినదే నాది, అదొక్కటే. ఫ్రాన్సిస్ సార్ పాస్టరు కాదు. ఓడల్లో పనిచేసి రిటైరై వచ్చి, మా క్లబ్బులో నీళ్లలో జాగ్రత్తలు నేర్పుతాడు. తెల్లబట్టలు అందరికీ ఇచ్చిన టీ షర్టులు. కడుపు కూడా లేదు. ఉమామహేశ్వరమ్మ అక్కకు ఏం చెప్తావో నాకు తెలియదు.

ఇంతటితో ఆపేస్తే నా తప్పేమీ లేనట్టు ఉంటుంది. ఆపేద్దామనే అనుకున్నాను. ఆయన పక్కన కూర్చుని, "నీది కాని తప్పును తుడిపేసుకుని, నీ తప్పును దాచిపెడితే యాడ బాగుంటుంది నిర్మలా? అంతా రాసెయ్" అన్నాడు. అందుకని రాస్తున్నాను. నేను నీళ్లలో దిగాను పెద్దమ్మా. ఆగస్టు చివరి నుంచి దిగుతున్నాను. కాయలు బ్రష్షు వల్ల కాదు, తెడ్డు వల్ల.

ఆ పదకొండు జాకెట్లు మునిగిన రోజు గాయత్రి మేడం నన్ను పిలిచింది. "ఇన్ని ఉతికినావు, ఒక్కటన్నా తొడుక్కుని చూసినావా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. ఆమే ఒకటి తెచ్చి నాకు తొడిగి, పట్టీలు బిగించింది. విప్పాలనిపించలేదు. రెండు రోజులు షెడ్డులో దాన్ని వేసుకునే జాకెట్లు ఉతికాను. ఆయన చూసి, "ఏందీ, కొళాయి కింద మునిగిపోతావనా?" అని ఏడిపించాడు.

మూడో రోజు దాన్ని వేసుకుని పైమెట్టు మీద నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. మునగనివ్వని వస్తువు ఒంటి మీద ఉంటే, ఆ నీళ్లను ఒక్కసారి దగ్గరగా చూడాలనిపించింది. అమ్మను తీసుకుపోయినవి ఎట్లా ఉంటాయో నేను ఎప్పుడూ చూడలేదు కదా. నువ్వు నా ముఖం పక్కకు తిప్పి తీసుకుపోయేదానివి.

మెట్లు ఏడున్నాయి. ఒక్కో మెట్టుకు రెండు రోజులు పట్టింది. మోకాళ్ల దాకా వచ్చిన రోజు వాంతి చేసుకున్నాను. మేడం టీ తెచ్చి ఇచ్చింది. చివరి మెట్టు దాటితే కాళ్లకు ఏమీ తగల్లేదు. కేక పెట్టాను. కానీ మునగలేదు. ఆ జాకెట్టు నా చంకల్లో చేతులు వేసి పట్టుకుంది. చిన్నప్పుడు నువ్వు నన్ను బస్సు ఎక్కించేటప్పుడు ఎత్తేదానివే, అట్లా.

తర్వాత కయాక్ ఎక్కించారు. ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. కాళ్లు లోపలికి చాపి కూర్చోవాలి. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు లాగాలి. నేను లాగాను. నేను కదిలినట్టు లేదు, గట్టే వెనక్కి పోయింది. మేడం, "యాడ నేర్చుకున్నావు ఈ మణికట్టు తిప్పడం?" అని అడిగింది. "సంగటి కెలికే చేతులు మేడం" అన్నాను. అందరూ నవ్వారు. బయటివాళ్లను నేను నవ్వించడం అదే మొదలు.

చెరువు నడిమధ్యకు పోతే నన్ను ఎవరూ చూడరు పెద్దమ్మా. ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో, పెళ్లిలో, చర్చిలో నేను ఎప్పుడూ ఎవరో ఒకరి వెనక నిలబడి ఉంటాను. అక్కడ నా ముందు ఎవరూ లేరు. గాలి వచ్చి పడవ ముక్కును పక్కకు నెడుతుంది, నేను దాన్ని మళ్లీ సరిచేస్తాను. అంతే. ఆ అంతే కోసం రోజంతా ఎదురుచూస్తాను.

భయం పోలేదు. తాడు విప్పేటప్పుడు రోజూ అరచేతులు చెమటపడతాయి. అమ్మ గుర్తొస్తుంది. నా గౌను గుర్తొస్తుంది. అయినా మరుసటి రోజు ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉంటుంది.

ఇక రాజరత్నం సారు చూసింది. పడవ బోల్తా పడితే తల కిందులుగా ఉండి బయటికి రావడం నేర్చుకుంటేనే పెద్ద నీళ్ల మీదికి పోనిస్తారు. దానికోసం వెలుగోడుకు తీసుకుపోయారు. మిగతావాళ్లు నేరుగా పడవతోనే చేశారు. నేను తల నీళ్లలో పెట్టలేకపోయాను. అందుకని నాకు ఒక్కదానికే ముందు పడవ లేకుండా, ఫ్రాన్సిస్ సారూ మేడమూ చెరో పక్క పట్టుకుని ముంచి లేపారు. చేతులు జోడించింది భయంతో. ప్రార్థన చేసుకున్నది కూడా నిజమే. చప్పట్లు ఎందుకంటే, ఏడుసార్లు విడిపించుకుని ఒడ్డుకు పారిపోయి, ఎనిమిదోసారి మునిగాను. రాజరత్నం సారు కొంచెం ముందు వచ్చి ఆ ఏడూ చూసి ఉంటే ఇట్లా అనుకునేవాడు కాదు.

నీకిచ్చిన మాట తప్పాను. క్షమించు అని రాయాలి. కానీ అది రాస్తే మళ్లీ దిగనని కూడా రాయాలి కదా. అది రాయలేకపోతున్నాను.

నీ కూతురు
నిర్మల


ఆళ్లగడ్డ,
21 అక్టోబర్ 2024

నిర్మలకు,

ఉత్తరం అందింది. రాజరత్నం సారుకు అందులో మొదటి పేజీ చూపించాను. తలవంచుకుని పోయాడు. మిగతా పేజీలు ఎవరికీ చూపించలేదు.

పొత్తిగుడ్డలు పెట్టెలో ఉన్నాయి.

రెండో సంగతి గురించి ఇప్పుడు ఏమీ రాయలేను. మాట ఇచ్చినప్పుడు నీకు పదేళ్లని నాకు తెలుసు. నీ చెయ్యి పట్టుకుని అడిగింది నేనేనని తెలుసు. అయినా రాయలేను.

కార్డులో ఇంతే పడుతుంది.

కృపమ్మ


నంద్యాల,
10 నవంబర్ 2024

ప్రియమైన పెద్దమ్మకు,

నిర్మల వందనాలు. నీ కార్డుకు ఏం జవాబు రాయాలో తెలియక ఇన్నాళ్లు ఊరుకున్నాను. చర్చిలో కోత పండుగ ఎలా జరిగింది? ఏటా మనింటి నుంచి ఇచ్చే గుమ్మడికాయను వేలంలో ఈసారి ఎవరు పాడారు?

అడగవలసిన మాట అడుగుతాను. ఈ నెల 23వ తేదీ శనివారం వెలుగోడు రిజర్వాయరులో ఆడవాళ్ల పడవ పందెం పెట్టారు. కర్నూలు నుంచి కూడా వస్తున్నారు. జెండా కట్టిన పీపా చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. మన చెరువు లాంటిది కాదు అది. అవతలి గట్టు గీత గీసినట్టు కనపడుతుంది, గాలికి అలలు లేస్తాయి. గాయత్రి మేడం నా పేరు ఇచ్చింది. నేను గెలవనని ఆమెకూ తెలుసు. "నువ్వు పోయి తిరిగొస్తే నాకు చాలు" అంది.

ఒక కాగితం నింపమన్నారు. ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి అన్నచోట నీ పేరు రాశాను. మీ ఆయన పేరు కదా రాయాల్సింది అని మేడం అడిగింది. ఆయన అక్కడే ఉంటాడు కదా, తెలియాల్సింది దూరంగా ఉన్నవాళ్లకే కదా అన్నాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు వద్దని ఒక్క కార్డు రాస్తే దాన్ని పొయ్యిలో వేస్తాను. ఆ రోజు వాళ్లతో పోయి, జాకెట్లు కట్టి పంపించి, ఒడ్డున ఉండిపోతాను. ఆయన నా మీద కోప్పడడు. "పెద్దమ్మ మాట పెద్దమ్మది, నీ ఇష్టం నీది, మధ్యలో నేను దూరను" అన్నాడు.

సరే అని రాయకపోయినా పరవాలేదు. ఏదో ఒకటి రాయి. నువ్వు ఊరుకుంటే నాకు దిక్కు తెలియదు.

నీ కూతురు
నిర్మల


నంద్యాల,
23 నవంబర్ 2024, సాయంత్రం

ప్రియమైన పెద్దమ్మకు,

నీ ఉత్తరం రాలేదు. నిన్న సాయంత్రం కూడా పోస్టాఫీసుకు పోయి అడిగి వచ్చాను.

నేను పడవ ఎక్కాను. నువ్వు వద్దని రాయలేదు, ఆ ఒక్క ధైర్యంతో ఎక్కానని ఆయనకు చెప్పాను. నీకు మాత్రం అబద్ధం రాయను. ఆ కాగితం నేను గురువారమే ఇచ్చేశాను. శుక్రవారం నీ కార్డు వచ్చి ఉన్నా, అందులో వద్దని ఉన్నా, ఏడుస్తూనైనా ఎక్కి ఉండేదాన్ని. ఇది నా నోటితో చెప్పలేను. రాయగలుగుతున్నాను.

పదహారు మంది బయలుదేరాం. పీపా దాకా బాగానే పోయాను. తిరిగేచోట గాలి పక్కనుంచి కొట్టింది, నేను అటు వంగకుండా ఇటు వంగాను. పడవ బోల్తా పడింది. తల కిందికి పోయింది. అంతా పచ్చగా ఉంది, చప్పుడు లేదు. నేర్పినట్టే రెండు చేతులతో అంచు నెట్టాను, బయటికి వచ్చాను. ఫ్రాన్సిస్ సార్ ఇంజను పడవలో వచ్చి నన్ను పైకి లాగబోయాడు. "ఒడ్డుకు పోదాం రామ్మా" అన్నాడు. "ఒడ్డుకొద్దు సార్, ఇంకా సగం ఉంది" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే నా గొంతుకు నేనే జడుసుకున్నాను. ఆ పీపా ఒడ్డుకు దగ్గరే, అక్కడ నిలబడ్డ జనమంతా నవ్వారు. ఇంతకుముందైతే ఆ నవ్వుకు చచ్చిపోయేదాన్ని.

పడవలో నీళ్లు వంచి, పట్టుకుని నన్ను ఎక్కించారు. అందరికంటే చివర వచ్చాను. నా ముందు వచ్చినవాళ్లు అప్పటికే బిస్కెట్లు తింటున్నారు. ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పడవ ముక్కు పట్టుకుని ఒడ్డుకు లాగాడు.

సంతోషంగా ఉంది పెద్దమ్మా. నీతో చెప్పుకోలేని సంతోషం సగమే అనిపిస్తుంది. కోపమైతే కోపమని రాయి.

నిర్మల


ఆళ్లగడ్డ,
24 నవంబర్ 2024

చిరంజీవి నిర్మలకు పెద్దమ్మ ముద్దులతో దీవించి రాసేది.

నిన్న నేను వెలుగోడులో ఉన్నాను.

నీకు కార్డు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. వద్దని రాస్తే నీ ముఖం కనపడింది. సరే అని రాస్తే మీ అమ్మ ముఖం కనపడింది. చివరికి రాజరత్నం సారు ఇంటికి పోయాను. "చూసినవాడివి నువ్వే కదప్పా, చూసిన చోటు నాకూ చూపించు పద" అన్నాను. మాట జారినవాడు కాబట్టి కాదనలేకపోయాడు. పొద్దున బస్సెక్కి నంద్యాలలో దిగి, అక్కడినుంచి వెలుగోడు బస్సెక్కాం. కట్ట మీద జనం వెనక, చెట్టు నీడన నిలబడ్డాను. నన్ను చూస్తే నీ చెయ్యి తడబడుతుందని ముందుకు రాలేదు.

మైకులో ఏం చెప్తున్నారో సారు కాగితం మీద రాసి చూపిస్తూ ఉన్నాడు. నీ పడవ నంబరు పన్నెండు అని రాశాడు. నేను నిన్ను గుర్తుపట్టలేదు. ఇంటికి ఎవరన్నా వస్తే తలుపు చాటుకు పోయే పిల్ల కోసం వెతుకుతున్నాను. పన్నెండో పడవలో ఉన్నది వీపు నిటారుగా పెట్టి కూర్చున్న ఆడమనిషి.

పీపా దగ్గర నువ్వు బోల్తా పడ్డావు. సారు ఏదో రాయబోయి పెన్ను ఆపేశాడు. తర్వాత చూస్తే ఆయనే కళ్లు తిరిగి కింద కూర్చున్నాడు.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి రాస్తాను. మీ అమ్మ కాలువలో పడినప్పుడు నేను అదే గట్టు మీద, కొంచెం దూరంలో బట్టలు ఆరేస్తున్నాను. ఆమె తల కిందికి పోగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. పదికి వస్తుంది, ఇరవైకి వస్తుంది అనుకుంటూ లెక్కపెడుతూనే ఉన్నాను, కాళ్లు కదలలేదు. మగవాళ్లు వచ్చి దూకేసరికి రెండు వందలు దాటింది. ఆ లెక్క నాలో ఆగలేదు నిర్మలా. స్నానం చేస్తూ నెత్తిన చెంబు పోసుకుంటే లెక్క మొదలవుతుంది. నిన్ను బడికి పంపిన రోజల్లా, ఇంటికి వచ్చేదాకా లెక్కే. అందుకే బడి మాన్పించాను. నీకు నీళ్లంటే భయమని అందరికీ చెప్పాను. భయం నాది.

నిన్న నీ తల నీళ్లలోకి పోగానే మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు అనేసరికి నువ్వు పైన ఉన్నావు. ముఖం మీది నీళ్లు తుడుచుకోలేదు, ఒడ్డు వైపు చూడలేదు. తెడ్డు యాడ ఉందా అని చూశావు. దాన్ని అందుకుని, నీ చంకలో పెట్టుకున్నావు. నాకు ఐదు రాలేదు. ఐదు అనడానికి నోరు తెరిచాను, అవసరం లేకపోయింది. పదకొండేళ్లలో నా లెక్క ఆగడం నిన్ననే.

నువ్వు ఇచ్చిన మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. పదేళ్ల పిల్ల దగ్గర తీసుకోకూడనిది తీసుకున్నాను. బడి తిరిగి ఇవ్వలేను, దానికి నా దగ్గర ఏమీ లేదు.

నువ్వు చివర రావడం చూసే బయలుదేరాను. మళ్లీ బస్సు దొరకదని సారు తొందరపెట్టాడు. ఆయనకు దారిలో సోడా తాగించాను.

ఒక్కటి మాత్రం తెలియలేదు. ఇంజను పడవ వచ్చినప్పుడు నువ్వు ఆ పెద్దాయనతో ఏదో అన్నావు. మెడ నరాలు కనపడేలా అన్నావు. చుట్టూ ఉన్న జనమంతా నవ్వారు. నీ గొంతు అంత దూరం వినపడిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. రాజరత్నం సారు స్పృహలో ఉంటే రాసి చూపించేవాడు.

ఏమన్నావు? వెంటనే రాయి.

నీ పెద్దమ్మ
కృపమ్మ